వాగు ఒడ్డున అంగడి

కుందేలు తోటకూర, ముళ్లపంది చిలగడదుంపలు పండించేవి. అడవిలో జంతువులన్నీ మాత్రం కొండ అవతల నుంచి చిలుక తెచ్చి అమ్మే పండ్లే కొనేవి.

"ఇక విత్తనం వేయను వదినా" అని కుందేలు కంటతడి పెట్టింది.

"విడివిడిగా తిరిగితే ఎవరు చూస్తారు? అన్నీ ఒక్కచోట పెడదాం, రా" అంది ముళ్లపంది.

రెండూ కలిసి వాగు ఒడ్డున అంగడి తెరిచాయి. నీళ్లకు వచ్చిన జింక అప్పుడే కోసిన తోటకూర రుచి చూసింది. "ఇది మన నేలదేనా!" అని ఆశ్చర్యపోయి, మర్నాడు మందనంతా వెంటబెట్టుకొచ్చింది.

బేరాలు తగ్గిన చిలుక పోట్లాటకొచ్చింది. "మరి నేనెలా బతకాలి?"

"నీ తొర్ర కింద నేరేడు పళ్లు రాలి పాడైపోతున్నాయిగా! అవి తెచ్చి మా పక్కనే కూర్చో" అంది ముళ్లపంది.

మర్నాడు చిలుక అంగడికి ఆలస్యంగా వచ్చింది. బుట్టలో సగమే పళ్లున్నాయి, ముక్కు నిండా నేరేడు రంగు.