ఒక్క గోల్ తేడా

గెలిచిన జట్టులో ఒక్కరూ నవ్వడం లేదు.

కరీంనగర్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో, గోల్‌పోస్టు వెనక నేల మీద కూర్చున్నారు ఆటగాళ్లు. జెర్సీలు చెమటకు ఒంటికి అంటుకుపోయాయి. ఆదిలాబాద్ జట్టు మీద రెండు–ఒకటితో బయటపడ్డారు. చివర్లో వాళ్లు కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే అదీ లేదు.

ఎదురుగా నిలబడ్డాడు వాళ్ల ఆటల మాస్టారు, పీడీ సుధాకర్. ఓడినా గెలిచినా రెండు మాటల్లో తేల్చేసి ఇంటికి పంపే మనిషి. ఇవాళ వదలడం లేదు.

"హరీష్, వాళ్ల గోల్ నీ తప్పే. కార్నర్ కొడ్తుంటె బయటికెందుకొచ్చినవ్?"

గోల్‌కీపర్ తల దించుకున్నాడు. "బంతి అందుతదనుకున్న సార్."

"మల్ల మొదటిసంది చెప్పు. యాడ నిలవడ్డవ్, ఎటు సూసినవ్?"

హరీష్ మళ్లీ చెప్పాడు. ఇంతకుముందు చెప్పిందే.

ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నాడు సుధాకర్. డిఫెన్స్‌లో సందు ఎందుకు దొరికింది, పాస్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇచ్చారు. అడిగిందే అడుగుతున్నాడు. జవాబు పూర్తిగా వినకుండానే గేటు వైపు చూస్తున్నాడు. మ్యాచ్‌కు ముందు అందరి ఫోన్లూ తీసుకుని ఒక సంచిలో వేస్తాడాయన. ఆట అయిపోగానే ఇచ్చేస్తాడు. ఇవాళ ఆ సంచి చంకలోంచి తీయలేదు.

చివరికి కెప్టెన్ సాగర్ లేచాడు.

"సార్, అందరి తప్పులు చెప్పిన్రు. మరి కొండల్‌ను ఎందుకు తీసిన్రు?"

అందరి మనసులోనూ ఉన్నది అదే ప్రశ్న.

రెండు గోల్సూ కొండల్‌వే. మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. అక్కడి కాలనీ మైదానంలో ఆడుతుంటే చూసి, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి, ఈ కాలేజీలో చేర్పించింది సుధాకరే. అలాంటి సుధాకర్, రెండో సగం మొదలై కాసేపు కాకముందే వాణ్ని బయటికి పిలిచేశాడు. బదులుగా వంశీధర్‌రావును పంపాడు. వంశీధర్‌రావు కాలేజీ యజమాని మేనల్లుడు. యూనివర్సిటీ జట్టుకు ఆటగాళ్లను ఎంచడానికి వచ్చిన సెలెక్టర్లు అప్పుడు ఎదురుగా కుర్చీల్లోనే ఉన్నారు.

ఆ తర్వాతే ఆట చెడింది.

"అలసిపోయిండు," అన్నాడు సుధాకర్.

"నేనా?" కొండల్ లేచాడు. "కావల్నంటె ఇప్పుడు గ్రౌండ్ సుట్టు ఉరుకుత. సూస్తరా?"

"కూసో."

"సెలెక్టర్ల ముంగట తీసిన్రు. వంశీని సూపెట్టనీకే గదా?"

"నేనేం అడుగలేదురా," అన్నాడు వంశీధర్‌రావు మెల్లగా. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు. అందరూ పీడీ వైపే చూశారు.

సుధాకర్ కాదనలేదు. దాంతో అందరికీ జవాబు దొరికినట్టే అయింది.

"మిమ్ముల నమ్మినం సార్," అన్నాడు సాగర్. "మీరు గూడ గంతేనా?"

సుధాకర్ మళ్లీ గేటు వైపు చూశాడు.

క్యాంటీన్ నుంచి సమోసాలు, చాయ్ వచ్చాయి. ఆయనే తెప్పించాడు. కొండల్ ముట్టుకోలేదు.

"తిను."

"నాకద్దు."

"తినురా. నా మీద కోపం తిండి మీద సూపకు."

సుధాకర్ వాడి పక్కనే కూర్చున్నాడు. వాడు తిని, చాయ్ తాగేదాకా లేవలేదు. దొంగను కాపలా కాసినట్టు కాస్తున్నాడని కొండల్‌కు ఇంకా మండింది.

"ఇగ నా ఫోనియ్యుండ్రి," అన్నాడు. "రేపు ఐతారం. మంచిర్యాల బస్సెక్కి ఇంటికి పోత. పోంగనే మా బాపు అడుగుతడు, ఆఖరిదాంక ఆడినవా అని. ఏం జెప్పాలె నేను?"

సుధాకర్ గబుక్కున లేచి అటు తిరిగాడు.

"ఇంకా అయిపోలే. సాగర్, నువ్వు చెప్పు. ఆఖర్ల నీ పక్కకు ఎవరున్నరు?"

కొండల్ ఇక ఆగలేకపోయాడు. సంచి పట్టి గుంజాడు. సుధాకర్ వదల్లేదు. పెనుగులాటలో ఆయన చొక్కా గుండీ తెగి గడ్డిలో పడింది. ఆటగాళ్లు బిత్తరపోయారు. ఆ కాలేజీలో పీడీ మీద చెయ్యి వేసినవాడు ఇంతవరకు లేడు. చెంప పగిలిందే అనుకున్నారు.

ఆయన కొట్టలేదు.

"జర సేపు కొండల్," అన్నాడు బతిమాలుతున్నట్టు. "జర సేపు నా తాన కూసో."

"నాకేం అవసరం?" అన్నాడు కొండల్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మల్ల మీ జట్టుల ఆడితె అడుగుండ్రి."

గేటు దగ్గర ఆటో ఆగింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకామె దిగింది. కొండల్ తల్లి కమలవ్వ.

కొండల్ ఉరికాడు.

"అవ్వా! నువ్వెట్లొచ్చినవ్? నేను రెండు గోల్స్ కొట్టిన. గీ సారే నన్ను నడిమిట్ల తీసిండు. ఫోన్ గూడ ఇస్తలేడు, పోనిస్తలేడు. ఎందుకో నువ్వే అడుగు."

కమలవ్వ అడగలేదు. కొడుకు రెండు చేతులూ పట్టుకుని నేల మీద కూర్చోబెట్టింది. తానూ వాడి ముందు కూలబడింది.

"సారు తప్పేం లేదు కొడుకా, బాపును గీడ దవాఖానకు తెస్తున్నం, నిన్ను ఆటల నుంచి పిలువుండ్రి అని ఫోన్ల చెప్పింది నేనే, తొవ్వల పానం పోయినంక నేనొచ్చేదాంక నీకు చెప్పద్దన్నది గూడ నేనే."