గాలిమర నీడ

"అమ్మా, అక్కడ కూర్చోకండి. పక్కకు జరగండి!"

మూడు కాళ్ల స్టాండు మీద పొడుగాటి కెమెరా పెట్టి, పొద్దుటి నుంచి గాలిమర రెక్కల్నే ఫోటోలు తీస్తున్న మనిషి అరిచాడు.

పేచ్చియమ్మాళ్‌కు ఒళ్లు మండింది. వాళ్ల ఊరు ఆరల్వాయ్‌మొళిలో మూడు కాళ్ల స్టాండు దిగిందంటే, ఎవరి పొలమో కొలతకు వచ్చిందనే అర్థం.

"మాకు పొలం లేదు కొలవడానికి. మల్లెమొగ్గలు కోసే కూలోళ్లం. ఈ నీడ కూడా కొనేశావా?"

ఆ పూలతోటలో నీడంటే గాలిమర స్తంభానిదే. అది జరిగినకొద్దీ ఆడవాళ్లూ జరుగుతూ చద్దన్నం తినేవాళ్లు. కోడలు తంగకనికి ఏడో నెల. ఎండకు రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. ఆ పిల్లా, కడుపులో బిడ్డా క్షేమంగా ఉంటే చాలని పేచ్చియమ్మాళ్ బెంగ.

"రెక్క బాగాలేదమ్మా. కాలవ అవతల చింతచెట్టుంది కదా."

"కడుపుతో ఉన్న పిల్లని చింతచెట్టు కింద కూర్చోబెట్టమంటావా? దెయ్యం పట్టదూ? రెక్క బాగాలేదనే పోయినేడు మేకలోళ్లని తరిమారు. ఇప్పుడు మా వంతా?"

ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి స్టాండు చింతచెట్టు ఎదుట పెట్టాడు. ఆషాఢమాసపు గాలికి దుమ్ము పడుతుందని పైన నల్లగుడ్డ చుట్టాడు.

"మీకు ఫోటో తీస్తా, రండమ్మా!"

"అత్తా, మా పెళ్లికి కూడా ఫోటో తియ్యలేదు. ఒక్కటి!" అంది తంగకని.

పేచ్చియమ్మాళ్ సణుగుతూనే కోడలి కొప్పులో వేపరెమ్మ దోపింది. ఆయన గొడుగు పట్టి తంగకనిని కాలవ దాటించాడు. మిగతా ఆడవాళ్లూ వెనకే వచ్చారు.

"నవ్వాలి... ఆఁ, అలా! వెలుగు చాల్లేదు. రేపు ఇంకోటి."

మర్నాడు ఇంకో వంక. ఫోటోలో పెద్దమ్మ కళ్లు మూసుకుందన్నాడు.

మూడో రోజూ చింతచెట్టు కిందే నిలబెట్టేసరికి పేచ్చియమ్మాళ్ ఉండబట్టలేకపోయింది.

"ఫోటో తీయడం రానోడివి, నీకెందుకయ్యా కెమెరా?"

అందరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వులోనే ఫెళ్లుమని చప్పుడైంది. గాలిమర రెక్క విరిగి, సరిగ్గా స్తంభం నీడలో కూలింది.

పేచ్చియమ్మాళ్ కోడలి పొట్ట తడిమింది. లోపల బిడ్డ తన్నింది. "బతికిపోయాం తల్లీ!" అని ఏడుస్తూనే నవ్వింది. ఆమె గుండెల మీది బరువంతా దిగిపోయింది.

తేరుకుని చూస్తే ఆయన లేడు. వచ్చేవాళ్లను ఆపడానికి రోడ్డు మీదికి పరుగెత్తాడట. అటునుంచి అటే బస్సెక్కేశాడట. స్టాండు మాత్రం చింతచెట్టు ఎదుటే ఉండిపోయింది.

మర్నాడు ఆమె ఓ మల్లెదండ కట్టి, గుడ్డ విప్పకుండా స్టాండు భుజాన వేసుకుని, గాలిమరల ఆఫీసుకు వెళ్లి, ఆ ఫోటోలాయన ఏడని అడిగింది.

"ఆ అరుళప్పనా?" అన్నాడు వాచ్‌మన్ సుడలైముత్తు. "రెక్కలో పగులుంది, మర ఆపండని ఫోటోలు చూపించాడు. గాలి కాలంలో ఆపేదేంటని ఆఫీసరు కసిరాడు. ఈయన ఊరుకోలేదు. మంగళవారం సాయంత్రమే పనిలోంచి తీసేశారు."

"కాదే! ఆ తర్వాత మూడు రోజులూ మాకు ఫోటోలు తీశాడుగా."

"దేంతో తీస్తాడక్కా? స్టాండు ఒక్కటే ఆయనది, కెమెరా ఆఫీసుది. మంగళవారం నుంచీ అదుగో, ఆ బీరువాలోనే ఉంది."

పేచ్చియమ్మాళ్ మెల్లగా నల్లగుడ్డ విప్పింది.

లోపల, స్టాండుకు తాడుతో గట్టిగా కట్టి, ఆయన అన్నం డబ్బా ఉంది.