బ్రిజిట్ గదిలో పొయ్యి

"నిన్న రాత్రి కూడా ఆ పిల్ల గది పొయ్యిలో పిడకలు వేశావు కదూ? చలికాలం సగమైనా గడవలేదు," అన్నారు మా అత్తగారు అర్పెనిక్.

"నేను కాదత్తయ్యా. మీ అబ్బాయినే అడగండి."

"మధ్యలో నన్ను లాగకండి. నేను పడుకుంటే ఇల్లు కూలినా లేవను," అన్నాడు నా భర్త వర్త్‌గెస్.

ఊరి బడిలో పాఠాలు చెప్పడానికొచ్చి మా ఇంట్లో ఉంటున్న వాలంటీరు బ్రిజిట్, లవాష్ రొట్టెలో జున్ను చుడుతూ నవ్వింది.

"ఎవరో గానీ, తెల్లారేదాకా గది వెచ్చగా ఉంటోంది. అయినా నేను లోపల గడియ పెట్టుకునే పడుకుంటున్నానే!"

అంతలో ఖాళీగా ఉన్న ఆ గదిలో పొయ్యి ఇనుప తలుపు కిర్రుమని తెరుచుకుంది. కాసేపటికి మెల్లగా మూసుకుంది.

బ్రిజిట్ నవ్వు ఆగిపోయింది. అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, అటు చూడకుండానే మా అందరికీ నెమ్మదిగా చెప్పారు.

"ఈ రాత్రి నుంచి పిల్ల నా పక్కన పడుకుంటుంది. ఆ పొయ్యిని మాత్రం ఎవరూ ఆర్పకండి."