రాజధాని వచ్చింది

కూతురి సమాధి పక్కన సర్వేయరు కొయ్యమేకు దిగ్గొడుతుంటే దర్జీ పరుగున వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

“ప్రపంచానికే రాజధానిగా మీ ఊరిని ఎన్నుకున్నారు కదండీ! సభాభవనం ఇక్కడే కడతారు,” అన్నాడు సర్వేయరు.

ఆ గౌరవం తమ ఊరికే దక్కాలని ఏడాదిపాటు గడపగడపా తిరిగి సంతకాలు సేకరించింది ఆ దర్జీయే.

“సమాధుల్ని ఊరి బయటికి మారుస్తారమ్మా, దిగులు పడకండి,” అన్నాడు సర్వేయరు, వెనకే వచ్చిన దర్జీ భార్యతో.

“మా పిల్ల వీధి దాటాలన్నా నా చెయ్యి వదిలేది కాదు బాబూ,” అందామె. భర్తను మాత్రం ఒక్క మాటా అనలేదు.

దర్జీ ఆ మేకును రెండు చేతులా పట్టుకున్నాడు.

“అయ్యా, రాజధానిని ఇంకో ఊరికి ఇచ్చెయ్యమని ఎవర్ని అడగాలండీ?”

సర్వేయరు తల దించుకుని ఇంకో మేకు అందుకున్నాడు.