ఏడేళ్లవారికి తగిన ముగింపు

హైమ గీసిన బొమ్మల కథ తెరకెక్కి, గాజువాకలో వాళ్లింటి తెరగోడ మీదకూ వచ్చింది. అందులో కథానాయకుడు ఆమె తమ్ముడు శేషు. కార్ఖానా మంటల్లోంచి తోటివాళ్లను బయటికి లాగి, తాను మాత్రం రాలేకపోయినవాడు. పుస్తకంలో అతను చనిపోతాడు. గోడ మీద మాత్రం నవ్వుతూ బయటికొచ్చి అందరికీ చేయి ఊపుతున్నాడు.

ఇంట్లో ఎవరున్నారో చూసుకుని, వాళ్లలో బలహీనుల గుండెకు తగ్గట్టు కథను మార్చుకోవడం ఇప్పుడు ప్రతి గోడకూ అలవాటే. అమ్మ కనకరత్నానికి గుండెపోటు వచ్చినప్పటి నుంచీ ఆ ఇంటికి ఏడేళ్ల పిల్లల రేటింగు ఖాయమైంది. ఆపే మీటలు ఎప్పుడో తీసేశారు. పక్కింట్లో చూద్దామని వెళితే, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషని హైమను గుర్తుపట్టి ఆ గోడ కూడా అదే నవ్వు చూపించింది.

"పుస్తకంలో ఉన్నట్టే చూపించమని గోడని అడిగినావేటే?" అంది అమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"అడిగానమ్మా. కుదరదంది. నీ మంచికేనట."

ఇక ఉండబట్టలేక హైమ పుస్తకం తెచ్చి, చివరి పేజీ తెరిచి అమ్మ ఒళ్లో పెట్టింది. మసిబారిన ఆ మొహాన్ని అమ్మ వేలితో తడిమింది.

"ఈడే నా కొడుకు. రోజూ ఆ గోడ మీద నవ్వుతా ఉంటే నాకు ఏడవడానికే వీల్లేకపోయిందే," అంటూ బావురుమంది. హైమ ఆమెను గట్టిగా పట్టుకుని తానూ ఏడ్చింది.

గోడ ఆ ఏడుపు విన్నది. రేటింగును మూడేళ్లకు దించింది. మంటలన్నీ బంతిపూలయ్యాయి. శేషు వాటి మధ్య గెంతుతూ, చప్పట్లు కొట్టమని పాట అందుకున్నాడు.