బీరగింజలు

నాగేశ్వరమ్మ గరప నేలలో గుడిసెకు చోటు చూపించి, “కంట్రోలు బియ్యంలోకి కూరైనా పండించుకోవే!” అంటూ దోసిట్లో బీరగింజలు పోసింది. ఆ దయకు ఆమె మామిడితోటలో కూలి చేసే కోటమ్మ కళ్లొత్తుకుంది.

గడ్డి మొలవని ఆ నేలలో పేడ, బూడిద, ఆకుచెత్త మోసుకొచ్చి కప్పెట్టింది. రెండో వానాకాలానికి బీరపాదు గుడిసె మీదికి పాకి కాసింది.

నాగేశ్వరమ్మ వచ్చి గుప్పెడు మట్టి నలిపి చూసింది.

“నీ చెయ్యి మంచిదే, కోటమ్మా!”

“తమ దయేనండీ.” కోటమ్మ మురిసిపోతూ తొలికాయ కోసి ఇచ్చింది.

“ఎల్లుండి నూజివీడు నుంచి రసాల అంట్లు వస్తున్నాయి. ఇక్కడ నాటించాలి. గుడిసె పీకేసి ఆ రాళ్లదిబ్బ మీద వేసుకో.”



నాగేశ్వరమ్మ కొంగుముడి విప్పింది. “ఇందా, ఈసారి ఆనపగింజలు.”

కోటమ్మ దోసిలి పట్టింది.