మాస్టరమ్మ నోరు విప్పిన రోజు

గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెడుతుంటే పెన్ను రెండుసార్లు జారింది.

వాచ్‌మన్ మెడ సాచి చూశాడు. "ఏంటి మాస్టరమ్మా, ఇవాళ సంతకం కోడి గెలికినట్టుంది?"

"చెయ్యి నొప్పిగా ఉంది," అంది ఆమె. 

"పైకేగా? పెద్దాయన మీ కోసమే చూస్తున్నారు. మరీ అంత బెదిరిపోకండి, కొరుక్కుతినర్లెండి."

భోజనాల వేళ. చొక్కాలు కుట్టే మిషన్లన్నీ ఆగిపోయి కార్ఖానా మూగబోయింది. మిషన్ల మధ్య సందులోంచి నడుస్తుంటే తన చెప్పుల చప్పుడే పెద్దగా వినిపించింది. దారాలు కత్తిరించే అమ్మాయిలిద్దరు టిఫిన్ డబ్బాల మీంచి తలెత్తి నవ్వారు. ఆమె కూడా నవ్వాననే అనుకుంది. పెదాలు కదిలాయో లేదో తెలియదు.

"అక్కా, అటెక్కడికి? మెట్లు ఇటు!" అని కేకేసింది ఒకమ్మాయి. ఆమె గోదాము తలుపు ముందు నిలబడి ఉంది.

"పాపం, కంగారులో దారి కూడా మర్చిపోయింది," అని రెండో అమ్మాయి కిసుక్కున నవ్వింది.

కళ్ళజోడులోంచి చూస్తుంటే ఒక్కో మెట్టూ అలలా లేచి పడుతోంది. కమ్మీ పట్టుకుంది. అరచెయ్యి చెమటకి జారింది. వెనక్కి తిరిగి పరుగెత్తితే ఎవరాపుతారు? కానీ ఏ ముఖం పెట్టుకుని బయటికెళ్ళాలి? నాలుగు రోజులుగా అద్దం ముందు బట్టీపట్టిన మాటలు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. 

"రామ్మా, కూర్చో," అన్నాడు పై గదిలో యజమాని. "మీ వాడికి జ్వరం తగ్గిందా?"

ఆమె తెల్లబోయి చూసింది. తర్వాత తడుముకుంటూ, "ఆఁ... తగ్గింది సార్."

"చెప్పు. ఇప్పటికి మూడుసార్లొచ్చావు. మూడుసార్లూ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయావు. ఇవాళా అంతేనా?" అంటూ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

ఆమె గ్లాసు ముట్టుకోలేదు. 

"జీతం పెంచాలి సార్. పక్క బల్ల కటింగు మాస్టరుగారికి ఎంతిస్తున్నారో అంత. ఆయనొచ్చి నాలుగేళ్ళు. నాది తొమ్మిదేళ్ళ సర్వీసు."

ఒక్క గుక్కలో అనేసింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆయనకి సంసారం ఉందమ్మా."

"నాకు లేదా సార్?"

"నీకు మీ ఆయన సంపాదనుందిగా."

"ఆ మాస్టరుగారి భార్య కూడా ఉద్యోగం చేస్తోంది సార్. ఆయన్నీ ఇలాగే అడిగారా?"

మాట నోరు దాటాక ఆమె నాలుక కరుచుకుంది. అయిపోయింది. ఇప్పుడు పొమ్మంటాడు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం ఒక్క మాటతో ఊడుతుంది. తన నోటి దురుసుతనానికి ఒక ఇల్లు ఇల్లంతా రోడ్డున పడుతుంది.

ఆయన పొమ్మనలేదు. సొరుగు లాగి, ఒక చొక్కా కాలరు తీసి ఆమె ముందు పడేశాడు.

"మాటలు బాగానే నేర్చావు. పని సంగతి చూద్దాం. కొన్నవాళ్ళు మూడొందల చొక్కాలు తిప్పి పంపారు. ఎడమ మొన లేచి నిలబడుతోందట. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పు, పెంచుతాను."

ఆమె కాలరు చేతిలోకి తీసుకుంది. తెల్ల గుడ్డ. కుట్టు. రెండు మొనలు. ఎంత చూసినా అంతకు మించి ఏమీ కనిపించలేదు.  చెమట బొట్టు కణత మీంచి జారి చుబుకం దగ్గర ఆగింది.

"ఏమ్మా?"

కాలరును మెల్లగా బల్ల మీద పెట్టింది. "పక్క బల్ల మాస్టరుగారిని అడిగారా సార్?"

"అడిగాను. తెలీదన్నాడు."

"తెలీదన్నందుకు ఆయన జీతం తగ్గించారా?"

ఆయన కాలరును మళ్ళీ ఆమె వైపు నెట్టాడు.

"ఆయనకి తెలీకపోయినా అంత జీతం. నాకైతే తెలిస్తేనే అంత జీతం. ఇదేం న్యాయం సార్? ముందు కాగితం రాసివ్వండి. భోజనాల బెల్లు మోగేలోపు తప్పేంటో చెప్తాను."

ఆయన కళ్ళు చిట్లించి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. నుదురు, కళ్ళు, మళ్ళీ నుదురు. పసిగట్టేశాడు, అనుకుంది ఆమె. 

"ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావమ్మా?" అంటూ ఆయన కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. సంతకం చేశాడు. ముద్ర కొట్టాడు. "ఊఁ, ఇప్పుడు చెప్పు."

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇక్కడ వెలుతురు చాలదు సార్. ఎండలో చూసొస్తాను. పదే పది నిమిషాలు."

మెట్లెలా దిగిందో, గేటెలా దాటిందో ఆమెకే తెలియదు. రోడ్డవతల బస్సు షెల్టరులోకి దూరింది. అక్కడ బెంచీ మీద ముఖానికి గుడ్డ చుట్టుకుని కూర్చున్న మనిషి ఒళ్ళో కాగితాన్నీ కాలరునూ పడేసి, పక్కనే కూలబడింది.

ముఖం మీది గుడ్డ తప్పించి, కాగితం రెండుసార్లు చదువుకుని, కాలరును ఎండకెత్తి ఒక్క చూపు చూసి, "లోపలి గుడ్డ వాలుగా కోశారు, అంతే, ఇంక నేను లోపలికెళ్తా, నువ్వు ఇంటికెళ్ళి పడుకో చెల్లీ, రేపు మీ బడికి నీ బదులు నేనొచ్చి నీ జీతం సంగతి తేలుస్తా," అంది, కవలల్లో పది నిమిషాలు ముందు పుట్టిన అసలు మాస్టరమ్మ.